పదిమంది ఎక్కితేనే పడవ

ఒకటో తరగతి టీచరమ్మ ప్రసూతి సెలవు మీద వెళ్ళింది. ఆమె బదులు ఎవరొస్తారా అని అందరూ చూస్తుంటే, పెద్దమేడమ్ తీసుకెళ్ళి మీసాల మాస్టారిని ఆ గదిలో కూర్చోబెట్టింది.

కూర్చోబెట్టింది అనడం మాటవరసకే. ఆయన పట్టే కుర్చీ ఆ గదిలో లేదు. ఉన్నవన్నీ మోకాలి ఎత్తు కూడా లేని ఎరుపు, పసుపు ప్లాస్టిక్ కుర్చీలు. మాస్టారు ఆరడుగుల మనిషి. పై అంతస్తులో పెద్ద తరగతులకి ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాడు. ఆయన మెట్లమీద దగ్గితే చాలు, పదో తరగతి గది గప్‌చుప్‌గా అయిపోయేది. అలాంటి మనిషిని కిందికి దించడం ఆయనకు చిన్నతనంగా తోచింది.

"మేడమ్, నేను బీజగణితం చెప్పేవాణ్ణి" అన్నాడు మొహం గంటుపెట్టుకుని.

"అందుకేగా మాస్టారూ, బీజం దగ్గర్నుంచే మొదలుపెట్టండి" అని నవ్వేసి వెళ్ళిపోయిందామె.

మొదటి రోజు పిల్లలు ఆయన్ని ఆనందపెట్టారు. ఒకటి నుంచి వంద వరకు గుక్క తిప్పుకోకుండా, రాగం తీస్తూ, గోడలు మారుమోగేలా అప్పజెప్పారు. "పరవాలేదే, గింజలు గట్టివే" అనుకున్నాడు. పలకలు తీయించి, ఇరవై మూడు రాయమన్నాడు. ఒకరూ ఇద్దరూ తప్ప గదిలో అందరూ 203 అని రాశారు. పదమూడు రాయమంటే 103. బల్లమీది పుల్లల్లోంచి పన్నెండు తెమ్మంటే, ఒకడు పిడికిలి నిండా పట్టుకొచ్చి "ఇవి చాలా?" అని అడిగాడు, కూరగాయల బేరంలా.

మాస్టారికి తిక్క రేగింది. "వంద దాకా చిలకల్లా వల్లిస్తారు. పన్నెండంటే ఎన్నో తెలీదా?" అని పై అంతస్తు గొంతుతో గద్దించాడు. ముందు వరుసలో బుగ్గల పిల్లాడు బావురుమన్నాడు. వాణ్ణి చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఆ పక్కది. నిప్పు అంటుకున్న గడ్డివాములా ఏడుపు గదంతా పాకింది.

వరండా ఊడుస్తున్న ఆయమ్మ చీపురు పడేసి పరుగెత్తుకొచ్చింది. ఇద్దర్ని చెరో చంకన వేసుకుని, మిగతావాళ్ళ ముక్కులు కొంగుతో తుడుస్తూ, "గొంతు తగ్గించండి సారూ. ఇంకాసేపుంటే ఆ గోడలు కూడా ఏడ్చేట్టున్నాయి" అంది.

ఆ సాయంత్రం మాస్టారు ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా మంచంమీద కూలబడ్డాడు. భార్యకు వీధి చివర చిన్న బేకరీ ఉంది. ఆమె అప్పుడే పని ముగించుకుని, ఖాళీ అయిన గుడ్ల అట్టలు మోసుకుని వచ్చింది. జరిగింది విని పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏంటే నవ్వుతావ్? నేనేమో తల బాదుకుంటుంటే."

"నవ్వక ఏం చేయమంటారండీ? వాళ్ళకి అంకెలు పాట. మీరు పాటని పట్టుకుని తూకం వేస్తానంటున్నారు. చేత్తో పట్టుకునేదేదన్నా ఇవ్వండి, వాళ్ళే దారికొస్తారు."

"ఏమివ్వను? పుల్లలిస్తే కళ్ళల్లో పొడుచుకుంటున్నారు."

ఆమె అట్టల్ని కత్తిరించి పాత సంచిలో కుక్కసాగింది. అడ్డంగా కత్తిరించిన ముక్క ఒకటి మాస్టారి కాళ్ళ దగ్గర పడింది. రెండు వరుసలు. వరుసకి ఐదు గుంటలు. ఆయన దాన్ని తీసి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తరువాత భార్య చేతిలోంచి కత్తెర లాక్కున్నాడు. "ఆ సంచిలోవి కూడా బయటికి తియ్యి" అన్నాడు.

మర్నాడు ఆయన బడి పక్కనున్న సోడా కొట్టులో ఒక సంచెడు సీసా మూతలు అడిగి తెచ్చాడు. ఆయమ్మ స్టోరుగదిలోంచి చిరిగిన నీలం కర్టెను ఒకటి వెతికిచ్చింది. కర్టెను నేలమీద పరిచి, అది నది అన్నాడు. అట్టముక్కలు పడవలన్నాడు. మూతలు మనుషులన్నాడు. నమ్మకం కలగడానికి ఒక్కో మూతకి రెండు కళ్ళూ, ఒక నోరూ గీయమని స్కెచ్ పెన్నులిచ్చాడు. పిల్లలు కళ్ళజోళ్ళు పెట్టారు, జడలు వేశారు. చాలా మూతలకి మీసాలు పెట్టారు. మాస్టారు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

కథ చెప్పడమే ఆయనకు కొరకరాని కొయ్య అయింది. "అనగనగా ఒక నది. నది వెడల్పు ఎంతో మనకు తెలియదు కాబట్టి..." అని మొదలుపెట్టి, అలవాటు కొద్దీ చేయి బోర్డు వైపు వెళ్ళబోతే వెనక్కి లాక్కున్నాడు. "ఆ నదికి ఒక పడవ తాత. మహా మొండిమనిషి. పదిమంది ఎక్కితేనే పడవ కదుపుతాడు. తొమ్మండుగురున్నా కదపడు."

"బతిమాలితే?" అన్నాడు బుగ్గల పిల్లాడు.

"కాళ్ళావేళ్ళా పడినా కదపడు. పదకొండోవాడు ఎక్కాడా, పడవ బుడుంగున మునుగుతుంది."

బుడుంగుమన్న మాట పిల్లలకు తెగ నచ్చింది. పదకొండోవాణ్ణి ఎక్కించి పడవ ముంచడంతోనే ఆ రోజంతా గడిచిపోయింది. మాస్టారు విసుక్కోలేదు. ముంచాలన్నా పదకొండు లెక్కపెట్టాలి కదా అని సర్ది చెప్పుకున్నాడు.

తరువాత్తరువాత ఆట కుదురుకుంది. గుప్పెడు మూతలు పోస్తే పిల్లలు గుంటలు నింపుకుంటూ పోయేవారు. నిండిన పడవని "హైలెస్సా" అంటూ అవతలి ఒడ్డుకి తోసేవారు. ఎన్ని పడవలు వెళ్ళాయి, రేవులో ఎందరు ఉన్నారు అని ఆయన అడిగేవాడు. "రెండు పడవలు, ముగ్గురు మనుషులు" అనేవారు. అదే ఇరవై మూడు. పలకమీద పడవలు ఎడమ పక్కన, మనుషులు కుడి పక్కన. మధ్యలో సున్నా ఎవరూ పెట్టలేదు.

ఒకరోజు బుగ్గల పిల్లాడు ఉన్నట్టుండి లేచి గంతేశాడు. "సార్! పదమూడులో పడవుంది! పద... మూడు! పదిమంది పడవలో, ముగ్గురు బయట!"

గదంతా గొల్లుమంది. పదిహేనులో పడవ, పదహారులో పడవ, పదిహేడులో పడవ. ముప్పైలో మూడు, నలభైలో నాలుగు దాక్కున్నాయని మాస్టారు చూపించాడు. నోట్లో నానిన మాటల్లో ఇన్ని దాక్కుని ఉన్నాయా అని పిల్లలు నోళ్ళు తెరిచారు. ఇరవై ఏళ్ళలో ఒక్క తరగతిలోనూ అంత గోల ఆయన్ని అంత సంతోషపెట్టలేదు. ఆ సాయంత్రం భార్యకు చెప్పిందే మూడుసార్లు చెప్పాడు.

అందరూ దారిలో పడ్డారు గానీ, పిట్ట పడలేదు.

పిట్ట అన్నది ఆయమ్మ పెట్టిన పేరు. బక్కపలచగా, పెద్ద పెద్ద కళ్ళతో, ఎప్పుడూ గోడవారకి ఒదిగి కూర్చునే పిల్ల. బడి తెరిచిన కొన్ని వారాలకి వచ్చి చేరింది. లెక్కపెట్టడంలో దానికి సాటి లేదు. ఎన్ని మూతలు పోసినా ఒక్కొక్కటీ వేలితో తాకుతూ తప్పు లేకుండా చెప్పేది. చిక్కల్లా పడవల దగ్గరే. ఇరవై మూడు పోస్తే, మిగిలిన ముగ్గుర్నీ నిండిన గుంటల్లో ఒకరిమీద ఒకర్ని కుక్కేసేది.

"పడవ మునుగుతుందమ్మా" అన్నాడు మాస్టారు.

"మునగదు సార్. సర్దుకుంటారు."

"గుంటకి ఒక్కరే. పడవ తాత ఒప్పుకోడు."

"చిన్నవాళ్ళు సార్. ఒళ్ళో కూర్చుంటారు."

పిల్లలు నవ్వారు. మాస్టారు కూడా నవ్వి ఊరుకుని ఉంటే సరిపోయేది. ఇదొక్కటి ఒప్పుకుంటే లెక్కంతా చెడుతుందని ఆయన భయం. ముగ్గుర్నీ తీసి కర్టెను బయట పెట్టి, "వీళ్ళు మిగిలారు. ఇక్కడే ఉంటారు" అని గట్టిగా చెప్పాడు. పిట్ట తల వంచుకుని, ఆ రోజునుంచి చెప్పినట్టే ఆడింది. రెండు పడవలు, ముగ్గురు. నాలుగు పడవలు, ఒకరు. పలకమీద అన్నీ సరిగ్గా రాసేది. మాస్టారు హమ్మయ్య అనుకున్నాడు.

ఆ తరువాతే మూతలు తగ్గడం మొదలైంది. సాయంత్రం ఆయన స్వయంగా లెక్కపెట్టి డబ్బాలో పోసేవాడు. మొదట మూడు తగ్గాయి. మరోరోజు ఐదు. ఆయన గది మూలలు వెతికాడు, సంచులు దులిపించాడు. లెక్కల మాస్టారి గదిలో లెక్క తప్పడమా! చివరికి ఆయన అనుమానం ఆయమ్మ చీపురు మీదికి పోయింది.

"నువ్వు చెత్తలో ఊడ్చేస్తున్నావ్. కాస్త చూసి ఊడిస్తే నీ సొమ్మేం పోయింది?"

ఆయమ్మ నడుముమీద చేయి పెట్టుకుని నిలబడింది. "రాలిన పలకబలపం ముక్క కూడా ఏరి కిటికీలో పెడతాను సారూ నేను. మీ మూతలు నాకెందుకు? కళ్ళు గీసి ఉన్నవాటిని చెత్తలో ఎట్లా పారేస్తాననుకున్నారు?"

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయాయా?"

ఆమె చీపురు ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి మాస్టారి గది ముందు చీపురు పట్టుకుని నిలబడి, ఆయన బయటికొచ్చేదాకా లోపల అడుగు పెట్టేది కాదు. మధ్యాహ్నం టీ మాత్రం తెచ్చి కిటికీలో పెట్టి, ఆయనకి కాకుండా గాలికి చెబుతున్నట్టు "టీ" అని వెళ్ళిపోయేది.

ఒకరోజు బడి వదిలాక, ఆయన తాళం వేయబోతుంటే పిట్ట మేనత్త వచ్చింది. ఎదురువీధిలో బట్టలుతికి ఇస్త్రీ చేసే దుకాణం ఆమెది. చేతులు ఆవిరికి కందిపోయి ఉన్నాయి. కొంగుచాటు నుంచి ఒక పౌడరు డబ్బా తీసి బల్లమీద ఒంచింది. కళ్ళూ, జడలూ, మీసాలూ గీసిన మూతలు గలగలా దొర్లాయి.

"ఇవి మీవేనా మాస్టారూ? దుప్పటి మార్చబోతే దిండు కింద కనబడ్డాయి. దొంగతనం నేర్చిందేమోనని గుండె గుభేలుమంది. రెండు వేస్తానని చెయ్యెత్తాను కూడా."

"కొట్టారా?"

"లేదు. అది చెప్పిన మాటకి చెయ్యి ఆగిపోయింది." ఆమె ఆ చిన్న కుర్చీల్లో ఒకదాన్ని లాక్కుని కూర్చుంది. "వీళ్ళకి పడవ దొరకలేదట. చీకటి పడ్డాక బడిలో ఎవరూ ఉండరు కదత్తా, భయపడతారు, అందుకని తెచ్చుకున్నానంది."

మాస్టారు దొర్లిన మూతల్ని ఒక్కొక్కటే దగ్గరికి చేర్చాడు.

"మా తమ్ముడి కూతురు మాస్టారూ ఇది. వాళ్ళమ్మకి నెలలు నిండకుండానే కవలలు పుట్టారు. ఇక్కడి డాక్టరు చేతులెత్తేస్తే దూరాన పట్నంలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆంబులెన్సులో వాళ్ళమ్మని పడుకోబెట్టి, ఆ పసికందుల్ని పెట్టి, నర్సు, మా తమ్ముడు ఎక్కేసరికి బండి నిండిపోయింది. ఇదీ ఎక్కబోయింది. 'చోటు లేదమ్మా, నువ్వు అత్త దగ్గరుండు, మళ్ళీ వస్తాం' అన్నాడు వాళ్ళ నాన్న. ఆ మళ్ళీ ఇంతవరకు రాలేదు. పిల్లలిద్దరూ ఇప్పుడు గండం గడిచి అద్దెగదికి వచ్చారు గానీ, వారం వారం ఆసుపత్రికి చూపించాలి. ఫోను చేస్తే వచ్చే వారం, వచ్చే వారం అంటాడు. వాణ్ణీ అనలేను. ఉన్న ఒక్క మనిషీ ఎన్ని చోట్లని ఉంటాడు?"

ఆమె వెళ్ళాక మాస్టారు చాలాసేపు ఆ మూతల ముందు కూర్చున్నాడు. 'వీళ్ళు మిగిలారు, ఇక్కడే ఉంటారు' అన్న తన గొంతు తనకే వినబడింది. వరండాలో చీపురు చప్పుడైతే లేచి వెళ్ళాడు.

"ఆయమ్మా, తప్పు నాది. నిన్ను అనరాని మాట అన్నాను."

"దొరికాయా?"

"దొరికాయి. పిట్ట తీసుకెళ్ళింది." జరిగిందంతా చెప్పాడు.

ఆయమ్మ కళ్ళు ఒత్తుకుంది. తరువాత మామూలు గొంతుతో, "పక్కకి జరగండి సారూ, గది ఊడవాలి" అంది. ఆ మాటతో వాళ్ళ తగువు తీరింది.

మర్నాడు ఆయన పిట్టని మందలించలేదు. మూతల మాటే ఎత్తలేదు. నది పరిచి, పిల్లలందరికీ మూతలు పంచి, పిట్ట పక్కన నేలమీద కూర్చున్నాడు. పిట్ట రెండు పడవలు నింపి అవతలికి తోసింది. నలుగురు మిగిలారు. దాని వేళ్ళు ఆ నలుగురి చుట్టూ తచ్చాడాయి.

ఆయన ఒక ఖాళీ అట్ట తీసి ముందు పెట్టాడు. "ఇన్నాళ్ళూ నేను కథ సరిగ్గా చెప్పలేదమ్మా. పడవ తాత వీళ్ళని గట్టుమీద నిలబెట్టడు. తరువాతి పడవ ముందే తెచ్చి కడతాడు. వీళ్ళు ఎక్కి కూర్చుంటారు. కదలదంతే."

పిట్ట నలుగుర్నీ నాలుగు గుంటల్లో పెట్టింది. ఖాళీగా ఉన్న గుంటల్ని వేలితో తాకుతూ లెక్కపెట్టింది. "ఇంకా ఆరుగురు రావాలి."

"అవును."

"రాకపోతే?"

"రేపొస్తారు."

"రేపు కూడా రాకపోతే?"

మాస్టారికి నాలుక చివరిదాకా 'తప్పకుండా వస్తారు' అన్న మాట వచ్చింది. దాన్ని మింగేశాడు. "ఎప్పుడొస్తారో పడవ తాతకి కూడా తెలీదమ్మా. అందాకా ఆయన వీళ్ళతోపాటే కూర్చుంటాడు. ఒక్కళ్ళనీ వదిలి ఇంటికెళ్ళడు."

పిట్ట ఆయన మొహంలోకి చూసింది. "మీసాలుంటాయా పడవ తాతకి?"

"ఉంటాయి. ఇంతింత."

పిట్ట నవ్వలేదు గానీ, మీసాలున్న మూతనొకదాన్ని ఏరి ఆ నలుగురి పక్కన, గుంటలో కాకుండా అంచుమీద పెట్టింది. ఆ సాయంత్రం ఆయన డబ్బాలో మూతలు లెక్కపెట్టలేదు.

బడి వదిలాక ఇస్త్రీ దుకాణానికి వెళ్ళి, పిట్ట నాన్నకు ఫోను కలపమన్నాడు. ముందు మేనత్త మాట్లాడి, తరువాత ఆయన చేతికిచ్చింది. అవతలినుంచి అలసిపోయిన గొంతు. వెనకాల పసిబిడ్డ ఏడుపు. ఒకరా ఇద్దరా అన్నది తెలియడం లేదు.

"మాస్టారూ, పాప ఏమన్నా అల్లరి చేస్తోందా?"

"చేస్తే బాగుండును. చెయ్యడం లేదనే ఫోను చేశాను."

"నాకు రావాలనే ఉంది సార్. వచ్చే వారం ఎలాగైనా..."

"వచ్చే వారం అని చెప్పకు నాయనా. ఆ పిల్ల లెక్క గట్టిది. వారాలు కూడా లెక్కపెడుతూనే ఉంటుంది. రాగలిగితే ఏ రోజో చెప్పు. రాలేకపోతే రాలేనని చెప్పు. అది కూడా దానికే చెప్పు, మాకు కాదు."

అవతల ఏడుపు కాస్త దూరమైంది, అతను గది బయటికి నడిచినట్టుంది. "ఆ రోజు బండి తలుపు నేనే వేశాను సార్" అన్నాడతను. "ఇప్పటికీ కళ్ళు మూస్తే కిటికీలోంచి దాని మొహమే."

"తెలుసు నాయనా. నిన్ను తప్పుపట్టడానికి చెయ్యలేదు. తను మిగిలిపోయాననుకుంటోంది. కాదని నువ్వు చెబితేనే నమ్ముతుంది."

ఆ రాత్రికే అతను కూతురితో మాట్లాడి శనివారం మధ్యాహ్నం వస్తానని చెప్పాడట. మేనత్త చెప్పింది.

శనివారం ఒంటిపూట బడి. పిల్లలందరూ వెళ్ళిపోయారు. పిట్ట ఉతికిన గౌను వేసుకుని, వరండా మెట్లమీద కూర్చుంది. మేనత్త దుకాణం వదిలి కూర్చోలేక రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. బస్సు వేళ దాటింది. ఆయమ్మ ఊడ్చిన వరండానే మళ్ళీ ఊడుస్తోంది. మాస్టారు లోపల్నుంచి పసుపు కుర్చీ తెచ్చి పిట్ట పక్కన వేసుకున్నాడు. అది కిర్రుమంది.

"విరుగుతుంది సార్" అంది పిట్ట.

"సర్దుకుంటుందిలే."

పిట్ట పెదవుల మీద చిన్న నవ్వు మెరిసి మాయమైంది. వాళ్ళ నాన్న రాకపోతే ఈ పిల్లకి ఏం చెప్పాలి అని మాస్టారికి లోపల పీకుతూనే ఉంది. ఫోను చేసి అనవసరంగా ఆశ పెట్టించానా అనుకున్నాడు. తినమని ఆయమ్మ తెచ్చిపెట్టిన రొట్టె ముక్క పిట్ట పక్కన అలాగే ఉంది.

గేటు చప్పుడైంది. వచ్చింది నాన్న కాదు. సన్నగా, కళ్ళకింద నల్లటి చారలతో, జడైనా సరిగ్గా వేసుకోని ఒక ఆడమనిషి, చేతిలో సంచితో, పరుగులాంటి నడకతో వస్తోంది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆయాసంతో ఆగిపోయింది.

పిట్ట లేచింది గానీ కదల్లేదు. తల్లి వెనకాల, గేటు అవతల ఎవరన్నా ఉన్నారేమోనని చూసింది. "తమ్ముళ్ళేరి?"

"నాన్న దగ్గరున్నారు."

"నాన్నకి పాలు పట్టడం వచ్చా?"

"నేర్చుకుంటాడు." తల్లి నేలమీద మోకాళ్ళమీద కూలబడింది. "రేపంతా నేను నీ దగ్గరే. నీ ఒక్కదాని దగ్గరే. నాన్ననే రమ్మంటే, 'లేదు, నువ్వే వెళ్ళు, దానికి కావాల్సింది నువ్వు' అన్నాడు. బస్సు దారిలో చెడిపోయిందే బంగారూ. సగం దూరం ఎవరిదో ఆటో పట్టుకుని వచ్చాను."

పిట్ట ఒక్కో మెట్టూ దిగింది. తల్లి భుజం మీద వేలు పెట్టి చూసింది, నిజంగా ఉందా అన్నట్టు. ఆ తరువాత వచ్చిన ఏడుపుకి వీధిలో పోతున్న సైకిలువాడు ఆగి చూశాడు. మొదటి రోజు గది గదంతా ఏడ్చినా ఏడవని ఆ పిల్ల, ఇన్ని నెలల్లో బడిలో ఏడవడం అదే మొదటిసారి. ఆయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మాస్టారు కుర్చీ తీసుకుని లోపలికి వెళ్ళి, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

సోమవారం పొద్దున్నే తల్లి బస్సెక్కి వెళ్ళిపోయింది. పిట్ట ఆ రోజు గోడవార కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు. అంత తేలిగ్గా అన్నీ కుదురుకోవని మాస్టారికి తెలుసు. కానీ ఆ తరువాత నాన్న నుంచి ఫోను వచ్చేటప్పుడు, ఫలానా రోజు అని వచ్చేది. ఒకసారి రాలేనని కూడా వచ్చింది. ఆ రోజు పిట్ట కోపంతో బుగ్గల పిల్లాడి రెండు పడవలు బుడుంగుమనిపించింది. వాడు వచ్చి ఫిర్యాదు చేస్తే, మాస్టారు పిట్ట చెవి పట్టుకుని ఉత్తుత్తినే తిప్పి, లోలోపల మురిసిపోయాడు.

పరీక్షలు అయ్యాక తల్లీతండ్రీ కవలల్ని ఎత్తుకుని, ఇల్లు తిరిగి ఈ ఊరికే మార్చుకుని వచ్చారు. టీచరమ్మ కూడా సెలవు ముగించుకుని వచ్చింది. మాస్టారు పై అంతస్తుకి వెళ్ళిపోయాడు. అక్కడ ఆయన దగ్గితే పదో తరగతి ఇప్పటికీ నిశ్శబ్దమవుతుంది. కాకపోతే ఏ పిల్లాడికన్నా లెక్క తెలియకపోతే, ఇదివరకటిలా సుద్దముక్క విసరకుండా, వాడి బెంచీలోనే పక్కన ఇరుక్కుని కూర్చుంటున్నాడని పిల్లలు చెప్పుకుంటారు.

మొన్న మేనత్త ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసిస్తూ చెప్పింది. "మీ శిష్యురాలు ఇంట్లో అందర్నీ కాల్చుకు తింటోంది మాస్టారూ. తమ్ముళ్ళు తడిపే గుడ్డలు ఉతికాక పదేసి కట్టలు కట్టి పెడుతోంది. ఒక్క గుడ్డ తగ్గినా వాళ్ళ నాన్నని నిలదీస్తోంది."

"నిలదియ్యనివ్వండి. తండ్రేగా" అన్నాడు మాస్టారు. చొక్కాలు చంకన పెట్టుకుని, మీసం దువ్వుకుంటూ, బేకరీ వైపు నడిచాడు. ఈ సంగతి ముందుగా చెప్పాల్సిన మనిషి అక్కడుంది మరి.